గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 - 1940 జనవరి 22) తెలుగు వ్యావహారిక భాషోద్యమానికి మూలపురుషుడు, భాషాశాస్త్రవేత్త, శాసన పరిశోధకుడు, ఉపాధ్యాయుడు. పుస్తకాలలోని తెలుగు, ప్రజల నోటనున్న తెలుగు ఒకదానికొకటి దూరమై పిల్లల చదువుకు అడ్డంకిగా మారిన కాలంలో, చదువుకున్నవారు మాట్లాడే శిష్ట వ్యావహారికమే బోధనకు, రచనకు తగిన భాష అని వాదించి, ఆ వాదాన్ని సప్రమాణంగా నిరూపించాడు. కొండలలో నివసించే సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువులను సమకూర్చాడు. ఆయన జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు.

బాల్యము, విద్యాభ్యాసము

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార నది ఒడ్డున, ముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. ఆనాడు ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు. తండ్రి పర్లాకిమిడి జమీందారీలో రెవెన్యూ ఉద్యోగి. ఆయనకు విశాఖపట్నం జిల్లా చోడవరానికి బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు.

తండ్రి మరణానంతరం మేనమామ ఆశ్రయంలో ఉంటూ, విజయనగరంలోని మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువు కొనసాగించాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. ఈ బాల్య స్నేహం తరువాతి కాలంలో తెలుగు వచన చరిత్రను మలుపు తిప్పిన సహకారంగా పరిణమించింది. 1879లో రామమూర్తి మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. అదే సంవత్సరం ఆయనకు వివాహమైంది.

పై చదువులకు వెళ్ళే స్థోమత లేనందున 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్ఫై రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో నెగ్గాడు. బి.ఏ.లో ఆయన ప్రధాన విషయం చరిత్ర. రాజావారి పాఠశాల కళాశాల స్థాయికి ఎదిగిన తరువాత కళాశాల తరగతులకు కూడా బోధించాడు. ముప్ఫై సంవత్సరాల పైచిలుకు ఉద్యోగం చేసి 1911లో పదవీ విరమణ చేశాడు.

శాసన పరిశోధన

చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయునికి చేరువలోనే చరిత్ర రాళ్ళపై చెక్కబడి ఉంది. ముఖలింగ దేవాలయాలలోని శాసనాలను చదవడానికి రామమూర్తి ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకున్నాడు. తూర్పు గాంగరాజుల రాజధాని అయిన కళింగనగరం నేటి ముఖలింగమేనని వాదించినవారిలో ఆయన ప్రముఖుడు. గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి భారత పురావస్తు శాఖవారి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించాడు.

ఈ కృషి ఆయనకు మరొక విధంగా కూడా ఉపకరించింది. శాసనాలలోని తెలుగు కావ్యాలలోని తెలుగువలె లేదని, ఆయా కాలాలలో జనం పలికిన రూపాలు వాటిలో నిలిచి ఉన్నాయని ఆయన గమనించాడు. భాష కాలంతో మారుతుందనే సత్యాన్ని ఆయన సిద్ధాంత గ్రంథాలలో చదవడానికి ముందే రాళ్ళపై చూశాడు.

సవర భాషా సేవ

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలలో సవరలు నివసిస్తారు. వీరు గంజాం, విశాఖపట్నం జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలలో విస్తరించి ఉన్న ప్రాచీన గిరిజన జాతి. మైదాన ప్రాంతం భాష రానందున సంతలోని వర్తకునివద్ద, అప్పిచ్చిన షావుకారువద్ద, కచేరీలోని ఉద్యోగివద్ద వారు మోసపోతూ ఉండేవారు. వారికి చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్వాలని రామమూర్తి నిశ్చయించుకున్నాడు. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, అతని సహాయంతో మాటలు, వాక్యాలు, పాటలు, కథలు సేకరిస్తూ ఏళ్ళ తరబడి ఆ భాషను అభ్యసించాడు.

సవర భాష తెలుగుతో గాని, ఒడియాతో గాని సంబంధం లేనిది. అది ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందిన ముండా శాఖలోని భాష. ఆ భాషలో నామవాచకం సంక్షిప్తరూపంలో క్రియాపదంలోనే ఇమిడిపోయి, ఒక వాక్యానికి సరిపోయే అర్థం ఒకే మాటగా పలుకుతుంది. లెక్కింపులో పన్నెండును, ఇరవైని ఆధారంగా చేసుకుంటారు. పదమూడును పన్నెండు, ఒకటి అని, ముప్ఫైమూడును ఇరవై, పన్నెండు, ఒకటి అని చెబుతారు. లిపి లేని ఇటువంటి భాషకు తెలుగు వ్యాకరణపు చట్రం గాని, సంస్కృత వ్యాకరణపు చట్రం గాని పనికిరాదు. భాషను ఉన్నది ఉన్నట్లు విని, దాని నియమాలను దానిలోనుండే వెలికి తీయవలసి ఉంటుంది. రామమూర్తి అదే చేశాడు.

సవరల పిల్లల కోసం వాచకాలు రచించి, సొంత డబ్బుతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు చెల్లించాడు. ఇంటి భాషలోనే తొలి చదువు సాగాలనే సూత్రాన్ని ఆయన ఆచరణలో పెట్టిన మొదటి చోటు ఈ కొండ పల్లెలే. ఈ సేవకు గుర్తింపుగా ప్రభుత్వం 1913లో ఆయనకు 'రావు సాహెబ్' బిరుదు ఇచ్చింది. తరువాతి కాలంలో 'కైజర్-ఎ-హింద్' పతకం కూడా లభించింది.

ఆయన కూర్చిన తెలుగు-సవర నిఘంటువు 1914లో వెలువడింది. సవర భాషా వ్యాకరణాన్ని ఆంగ్లంలో రచించగా మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు కోశం 1938లో ప్రచురితమైంది. అప్పటికి ఆయన వయస్సు 75 సంవత్సరాలు. ముండా భాషలను పరిశోధించే విదేశీ పండితులకు కూడా ఈ గ్రంథాలు ఆధారాలయ్యాయి.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. కొండ ప్రాంతాల సంచారంలో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను మోతాదు మించి, క్రమంగా వినికిడి శక్తి క్షీణించింది. ధ్వనులను చెవితో విని గ్రంథస్థం చేయడమే వృత్తిగా ఎంచుకున్న పండితునికి చెవుడు రావడం కఠినమైన పరీక్ష. అయినా ఆయన తన పరిశోధన విరమించలేదు.

విశాఖపట్నంలో అంకురించిన ఆలోచన

నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం రాకముందు విశాఖపట్నం ఒక జిల్లా కేంద్రం మాత్రమే. అయినా వ్యావహారిక భాషోద్యమానికి బీజం పడిన చోటుగా ఈ పట్టణానికి తెలుగు భాషా చరిత్రలో స్థానమున్నది.

1907 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటి కావడం ఆయన గమనించాడు. పండితులు పాఠంలోని ప్రతి మాటను మరొక తెలుగు మాటలోకి మార్చి చెప్పవలసి రావడం ఆయనకు వింతగా తోచింది. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి.శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నపై ఆసక్తి చూపాడు. తమిళుడైన అయ్యంగారు తరువాతి కాలంలో తమిళుల చరిత్ర రచించిన చరిత్రకారుడు. దేశభాషల పక్షాన ఆయన 1909లో ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. విజయనగరంలోని గురజాడ, పర్లాకిమిడిలోని గిడుగు వీరితో కలిశారు.

ఈ నలుగురిలో ఒకరు ఆంగ్లేయుడు, ఒకరు తమిళుడు, ఒకరు కవి, ఒకరు ఉపాధ్యాయుడు. పాఠ్యపుస్తకాలలో శిష్ట వ్యావహారికాన్ని ప్రవేశపెట్టాలని నలుగురూ నిశ్చయించుకున్నారు. వారిలో ఎక్కువకాలం ఆ భారాన్ని మోసినవాడు రామమూర్తి.

వివాద స్వరూపము

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం పాఠశాలల తెలుగుకు ప్రమాణమైంది. ప్రాచీన కావ్యభాష ఆధారంగా రూపొందిన ఆ నియమాలనే వచన రచనకు కూడా విధించారు. బాలుడు ఇంట్లో చేస్తున్నాడు అంటాడు, బడిలో చేయుచున్నాడు అని వ్రాయాలి. ఇంట్లో కావాలి అంటాడు, బడిలో కావలెను అని వ్రాయాలి. అరసున్నలు, శకటరేఫలు, ద్రుతసంధులు ఎక్కడ రావాలో కంఠస్థం చేయాలి. భావం ఎంత స్పష్టంగా ఉన్నా వీటిలో తప్పితే మార్కులు పోయేవి. ఈ విధంగా విద్యార్థి మాతృభాషలోనే పరభాషీయుడయ్యేవాడు.

రామమూర్తి వాదంలోని ముఖ్యాంశాలు ఇవి:

- ప్రతి జీవద్భాష కాలక్రమంలో మారుతుంది. మార్పు క్షయం కాదు. ప్రాచీన కవుల భాష కూడా ఒకనాటి జీవద్భాషపై ఆధారపడినదే.
- కావ్యాలను చదవడం వేరు, కావ్యభాషలో నేటి విషయాలు వ్రాయడం వేరు. మొదటిది అవసరం. రెండవది అనవసరం, అసాధ్యం కూడా.
- శాసనాలు, కైఫీయతులు, ఉత్తరప్రత్యుత్తరాలు, వ్యాఖ్యానాలు అన్నీ తమ కాలపు వ్యవహారానికి దగ్గరగా నడిచాయి. కాబట్టి వ్యావహారిక వచనమే నిజమైన సంప్రదాయం.
- శిష్ట వ్యావహారికమంటే నియమం లేని భాష కాదు. విద్యావంతులు పరస్పరం మాట్లాడుకునే భాషకు కూడా వ్యాకరణం ఉంది. దానిని పరిశీలించి వ్రాయవలసి ఉంది.

ఆయన ప్రాచీన సాహిత్యానికి శత్రువనే అపోహ ఆ రోజుల్లో ప్రబలింది. అది సరికాదు. కావ్యాలను ఆయన లోతుగా చదివాడు. ఆ పాండిత్యమే ఆయన వాదానికి ఆయుధం. బాలవ్యాకరణం తప్పని చెప్పిన రూపాలను ప్రసిద్ధ కవులే ప్రయోగించారని 'బాలకవి శరణ్యం'లో ఉదాహరణలతో చూపాడు. గ్రాంథికాన్ని సమర్థించే పండితులే దానిని తప్పులు లేకుండా వ్రాయలేకపోతున్నారని 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'లో నిరూపించాడు. పండితునికే సాధ్యం కానిది పదేళ్ళ పిల్లవానికి ఎలా సాధ్యమన్నది దాని వెనుకనున్న ప్రశ్న. పూర్వపు వచన రచనల నుండి ఎత్తి కూర్చిన 'గద్య చింతామణి' వ్యావహారిక వచనానికి సుదీర్ఘ చరిత్ర ఉన్నదని చూపే సంకలనం.

విజయము, పరాజయము

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని గ్రాంథికంలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని విద్యాధికారులు అనుమతించారు. ఇది ఉద్యమానికి తొలి విజయం. వెంటనే ప్రతిఘటన మొదలైంది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక వాదానికి కేంద్రమైంది. జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి ప్రముఖులు ఆ పక్షాన నిలిచారు. వ్యావహారికానికి చోటిస్తే మాండలికాలు విజృంభించి భాష ఐక్యత చెడుతుందని, ప్రాచీన సాహిత్యంతో సంబంధం తెగిపోతుందని వారి భయం. ఊరూరా సభలు జరిగాయి, పత్రికలు రెండు పక్షాలుగా చీలాయి.

ఈ సందర్భంలో రామమూర్తి ఆధునికాంధ్ర భాషను గురించి ఆంగ్లంలో ఒక విజ్ఞాపన పత్రాన్ని సిద్ధం చేశాడు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని ప్రకటించాడు. వాదబలం ఎంత ఉన్నా సంఖ్యాబలం ఎదుటి పక్షానిదే. 1915లో ప్రభుత్వం విద్యార్థులకిచ్చిన స్వేచ్ఛను ఉపసంహరించింది. అదే సంవత్సరం నవంబరు 30న గురజాడ మరణించాడు. చిన్ననాటి మిత్రుడు, ఉద్యమంలో కుడిభుజం వంటివాడు లేకుండా పోయాడు. 52 ఏళ్ళ వయస్సులో, చెవుడుతో, ప్రభుత్వపు నిర్ణయం తనకు ప్రతికూలంగా ఉన్న స్థితిలో రామమూర్తి మళ్ళీ మొదటినుండి ఆరంభించవలసి వచ్చింది.

ప్రభుత్వాన్ని ఒప్పించే మార్గం మూసుకుపోగా ఆయన ప్రజలను ఒప్పించే మార్గం పట్టాడు. పుస్తకాలు మూటగట్టుకొని ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించాడు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో 'వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం' ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. జీవితంలో అధికభాగం గ్రాంథికంలో రచించిన వీరేశలింగం వ్యావహారిక పక్షానికి రావడం ఉద్యమానికి గొప్ప బలమైంది. కాని మూడు నెలలు తిరగకుండానే మే 27న ఆయన కన్నుమూశాడు. 1919లో రామమూర్తి 'తెలుగు' అనే మాసపత్రికను ప్రారంభించాడు. అది ఒక సంవత్సరం మాత్రమే నడిచింది.

ఇంతలో కొత్త తరం కలం పట్టింది. కథ, నవల, వ్యాసం, నాటకం వ్రాసే యువకులు ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడక వ్యావహారికాన్ని స్వీకరించారు. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై తన నిషేధాన్ని తొలగించుకున్నది. 1933లో రామమూర్తి సప్తతి మహోత్సవం జరిగింది. ఆ సందర్భంగా పండితుల వ్యాసాలతో అభినందన సంపుటం వెలువడింది. 1937లో తాపీ ధర్మారావు సంపాదకత్వంలో వచ్చిన 'జనవాణి' వ్యావహారికాన్ని పత్రికా భాషగా నిలబెట్టింది. ధర్మారావు పర్లాకిమిడిలో రామమూర్తికి శిష్యుడు.

చివరి దినములు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. తెలుగువారు అధికంగా ఉన్న పర్లాకిమిడిని అందులో చేర్చడాన్ని రామమూర్తి తీవ్రంగా వ్యతిరేకించాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని, ఇంటిని విడిచి, 73వ ఏట రాజమహేంద్రవరం చేరాడు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో ఆయనను 'కళాప్రపూర్ణ' బిరుదుతో సత్కరించింది. ఉద్యమానికి బీజం పడిన విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయం నుండే ఈ గౌరవం అందడం విశేషం. 1940 జనవరి నెలలో కూడా మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట వ్యావహారిక భాష ఆవశ్యకతను గూర్చి మాట్లాడాడు. ఆ నెల 22వ తేదీన మద్రాసులోనే మరణించాడు. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885-1969) కూడా భాషావేత్తగా, సవర భాషా పరిశోధకుడుగా పేరుపొందాడు. తండ్రి కృషిలో ఆయన చివరివరకు తోడుగా ఉన్నాడు.

ప్రభావము

రామమూర్తి జీవించి ఉండగా పాఠశాల తెలుగు పూర్తిగా మారలేదు. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు, విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథాలు వ్యావహారికంలోకి రావడానికి ఆయన మరణం తరువాత మరికొన్ని దశాబ్దాలు పట్టింది. నేడు దినపత్రికలు, వార్తా ప్రసారాలు, పాఠ్యపుస్తకాలు, విజ్ఞాన సర్వస్వాలు అన్నీ వాడుతున్నది ఆయన కోరిన శిష్ట వ్యావహారికమే. ప్రత్యర్థులు భయపడినట్లు భాష ముక్కలు కాలేదు. అలాగని వారి ఆందోళన నిరాధారమని కూడా చెప్పలేము. శిష్ట వ్యావహారికంగా స్థిరపడినది ప్రధానంగా కోస్తా జిల్లాల విద్యావంతుల భాష కావడంతో తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాల స్థానమేమిటనే చర్చ తరువాతి కాలంలో తలెత్తింది.

సవరల విషయంలో ఆయన ఆశయం ఇంకా ఆలస్యంగా ఫలించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో గిరిజన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక బోధన కార్యక్రమం ఆరంభమైనప్పుడు, ఎంపిక చేసిన ఎనిమిది భాషలలో సవర ఒకటి. సొంత డబ్బుతో ఒక ఉపాధ్యాయుడు కొండపల్లెలలో చేసిన ప్రయోగాన్ని ప్రభుత్వం విధానంగా స్వీకరించడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

ముఖ్య రచనలు

- తెలుగు-సవర నిఘంటువు (1914)
- సవర భాషా వ్యాకరణం (ఆంగ్లంలో, 1931)
- సవర-ఇంగ్లీషు కోశం (1938)
- సవర పాటలు
- ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం
- బాలకవి శరణ్యం
- గద్య చింతామణి